అమ్మకు నలుగురు డాక్టర్లు, 14 రకాల మాత్రలు: ఎవరిని అడగాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. అమ్మగారికి 74 ఏళ్లు, బరువు 52 కిలోలు, ఉదయగిరి దగ్గర పల్లెలో ఉంటున్నారు. పదిహేనేళ్లుగా షుగర్, బీపీ. మూడేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. మోకాళ్ల నొప్పులు సరేసరి. గుండె డాక్టరు, షుగర్ డాక్టరు నెల్లూరు పొగతోటలో, ఎముకల డాక్టరు ఆత్మకూరులో, అవసరానికి ఊళ్లో ఆర్ఎంపీ. మీరు బెంగళూరులో, తమ్ముడు నెల్లూరులో. పోయిన నెల తెల్లవారుజామున దొడ్లోకి వెళ్తూ పడిపోయారు. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి, పాదాలు వాస్తున్నాయి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలో 1.4 వచ్చింది. ఎవరి దగ్గరికి వెళ్లినా తమ జబ్బు అదుపులోనే ఉందంటున్నారు, మనిషి మాత్రం రోజురోజుకూ దిగిపోతోంది, ఇక ఎవరిని అడగాలి అని మీ ప్రశ్న.

ఇంకో స్పెషలిస్టు దగ్గరికి పరుగెత్తకండి. అన్నీ కలిపి చూసే ఒక్కరి చేతికి పగ్గాలివ్వండి, అందరూ ఒకే కాగితం చూసేలా చేయండి. వాళ్లలో ఎవరిదీ తప్పు వైద్యం అనను. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియకపోవడంలోనే చిక్కంతా ఉంది. పెద్దవాళ్ల విషయంలో ప్రమాదం ఎక్కువగా ఈ అతుకుల దగ్గరే జరుగుతుంది. మీరు పంపిన జాబితాలోనే అది కళ్లకు కడుతోంది.

మొదటి పని సంచి. తమ్ముడిని ఒక ఆదివారం ఊరికి పంపండి. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేయించండి. గూట్లోవి, ఫ్రిజ్ మీదవి, దిండు కిందవి, ఆర్ఎంపీ పొట్లం కట్టి ఇచ్చినవి, కీళ్ల నొప్పులకని ఎవరో తెచ్చిచ్చిన పొడి, కంటి చుక్కలు, తైలం, అన్నీ. చీటీలు చూసి జాబితా రాస్తే సగమే తెలుస్తుంది. చీటీలో ఉన్నది వేసుకోకపోవచ్చు, వేసుకుంటున్నది ఏ చీటీలోనూ ఉండకపోవచ్చు. ఒక్కొక్క స్ట్రిప్పు చేతికిచ్చి "ఇది ఎప్పుడు వేసుకుంటావమ్మా, దేనికని?" అని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టే రాయాలి. అక్కడ సరిదిద్దకూడదు. మధ్యలో కోప్పడితే ఆమె రెండో స్ట్రిప్పు నుంచీ మీకు నచ్చే జవాబే చెప్తుంది.

స్ట్రిప్పు మీద పెద్దక్షరాలతో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్నక్షరాలతో ఉండేదే అసలు మందు పేరు. జాబితాలోకి ఎక్కాల్సింది ఆ చిన్నక్షరాల పేరు, పక్కన మిల్లీగ్రాములు. అలా రాసి చూస్తే మీ అమ్మగారి 14 రకాలు ఇలా తేలుతున్నాయి.

గుండె డాక్టరు రాసినవి: టెల్మా 40, మెటోప్రొలాల్, క్లోపిడోగ్రెల్ 75, ఎకోస్ప్రిన్ ఏవీ. షుగర్ డాక్టరు రాసినవి: గ్లైకోమెట్ జీపీ 2 రెండు పూటలా, వోగ్లిబోస్, అటార్వాస్టాటిన్ 10. ఊళ్లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఉచితంగా ఇచ్చినవి: టెల్మిసార్టన్ 40, ఆమ్లోడిపిన్ 5. ఎముకల డాక్టరు రాసినవి: అసిక్లోఫెనాక్ పారాసిటమాల్ కలిసిన నొప్పి మాత్ర, పాంటోప్రజోల్, కాల్షియం. ఆర్ఎంపీ ఇచ్చినవి: కాళ్ల వాపుకు ఫ్యూరోసెమైడ్, గ్యాసుకు రాబెప్రజోల్ లెవోసల్పిరైడ్ కలిసిన క్యాప్సూల్.

ఇప్పుడు చూడండి. టెల్మా అంటే టెల్మిసార్టనే, బీపీ మందు. క్లినిక్‌లో ఇచ్చిందీ అదే. రంగు వేరు, స్ట్రిప్పు వేరు కాబట్టి రెండూ వేసుకుంటున్నారు, అంటే రోజుకు 80. ఎకోస్ప్రిన్ ఏవీలో ఆస్పిరిన్‌తోపాటు కొలెస్ట్రాల్ మందు అటార్వాస్టాటిన్ కూడా ఉంది. షుగర్ డాక్టరు విడిగా మళ్లీ అదే రాశారు. పాంటోప్రజోల్, రాబెప్రజోల్ రెండూ ఒకే జాతి గ్యాసు మందులు. ఇవి మూడూ జంటలు. పట్టుకోవడం సులభం.

పట్టుకోవడం కష్టమైనది గొలుసు. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకుని దానికి ఇంకో మందు వేయడం. మీ జాబితాలో రెండు గొలుసులు కనిపిస్తున్నాయి. ఒకటి: బీపీ మందు ఆమ్లోడిపిన్ వల్ల పాదాలు, చీలమండలు వాయడం చాలామందిలో ఉండేదే. ఆ వాపు నీరు పట్టడం వల్ల వచ్చింది కాదు కాబట్టి ఫ్యూరోసెమైడ్‌కు పెద్దగా తగ్గదు. మూత్రం మాత్రం ఎక్కువ పోతుంది, సోడియం పొటాషియం పడిపోతాయి, లేచి నిలబడితే బీపీ దిగిపోతుంది. మీ అమ్మగారు దాన్ని సాయంత్రం వేసుకుంటున్నారని రాశారు. ఇక రాత్రి దొడ్లోకి తిరగడం ఎలా తప్పుతుంది? అయితే కాళ్ల వాపుకు గుండె, కిడ్నీ కూడా కారణం కావచ్చు. పడుకుంటే ఆయాసం, రెండుమూడు రోజుల్లో కిలోన్నర రెండు కిలోల బరువు పెరగడం ఉంటే అది ఆమ్లోడిపిన్ వాపు అనుకుని కూర్చోకూడదు, అదే వారం గుండె డాక్టరుకు చూపించాలి.

రెండో గొలుసు లెవోసల్పిరైడ్. కడుపుబ్బరానికి అని విరివిగా ఇస్తున్న మందు ఇది. పెద్దవాళ్లలో కొన్ని వారాలు, నెలలు వాడితే చేతులు వణకడం, నడక మందగించడం, ముఖంలో కదలిక తగ్గడం రావచ్చు. చూడ్డానికి అచ్చం పార్కిన్సన్ జబ్బులాగే ఉంటుంది. ఎవరైనా దానికి పార్కిన్సన్ మందు మొదలుపెడితే 15వ మాత్ర తయారు. ఆపేస్తే చాలామందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తగ్గుతుంది. వణుకు ఎప్పుడు మొదలైంది, ఆ క్యాప్సూల్ ఎప్పుడు మొదలైంది, ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసి డాక్టరు ముందు పెట్టండి. అంతకంటే గట్టి ఆధారం ఇంకొకటి అక్కర్లేదు.

ఇక క్రియాటినిన్ 1.4. ల్యాబు కాగితంలో "1.2 వరకు మామూలు" అని ఉంటుంది, 0.2 ఎక్కువేగా అని అందరూ దాటేస్తారు. 74 ఏళ్ల ఆడమనిషికి 1.4 అంటే లెక్క కడితే జీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత ఎంతుందో చెప్పే అంకె) 40 దగ్గర. కిడ్నీ సగం కంటే తక్కువే పని చేస్తోందన్నమాట. ఆ కిడ్నీ మీద ఇప్పుడు ఒకేసారి మూడు పడుతున్నాయి: టెల్మిసార్టన్, ఫ్యూరోసెమైడ్, నొప్పి మాత్ర. ఈ మూడూ కలిస్తే, పైగా మే నెల ఎండలో రెండు రోజులు విరేచనాలు పట్టుకుంటే, కిడ్నీ ఉన్నట్టుండి కూలిపోవచ్చు. ఉదయగిరి, కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్, కిడ్నీ జబ్బుల బాధ మీకు తెలియనిది కాదు. ఆ ప్రాంతంలో ఉన్న మనిషికి నొప్పి మాత్రల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి.

అందుకని ఈ రోజే ఆపదగింది ఒకటే, ఆ అసిక్లోఫెనాక్. దాని బదులు పారాసిటమాల్ 650 ఒకటి, అవసరమైతే రోజుకు మూడుసార్ల దాకా. ఆపిన సంగతి ఎముకల డాక్టరుకు ఫోన్లో చెప్పండి, మోకాలికి పూసుకునే జెల్, వేడి కాపడం, తొడ కండరానికి వ్యాయామం గురించి అడగండి. మిగతావి మీ అంతట మీరు ఆపొద్దు. ముఖ్యంగా మెటోప్రొలాల్ ఉన్నట్టుండి ఆపితే గుండె దడ, నొప్పి తిరగబెడతాయి. స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ గుండె డాక్టరు నోటితో చెప్తే తప్ప ముట్టుకోకూడదు. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా అంతే.

కానీ అడగాల్సింది అడగాలి. స్టెంట్ వేశాక ఆ రెండూ కలిపి వాడేది సాధారణంగా 6 నుంచి 12 నెలలు, ఆ తర్వాత చాలామందికి ఒకటే మిగులుతుంది. మీ అమ్మగారికి మూడేళ్లయింది. "రెండూ ఇంకా కావాలా సార్, కావాలంటే ఎప్పటిదాకా?" అన్నది న్యాయమైన ప్రశ్న. రెండూ ఉన్నంతకాలం గ్యాసు మాత్ర ఒకటి ఉండాల్సిందే, కడుపులో రక్తస్రావం కాకుండా. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ పనికిరావు, ఆ మందు పనిని తగ్గిస్తాయి. పాంటోప్రజోల్ ఫర్వాలేదు కాబట్టి ఉన్న రెండిట్లో ఉంచాల్సింది అదే.

పడిపోవడం గురించి. మూడు అనుమానాలున్నాయి, మూడూ ఇంట్లోనే తేలతాయి.

మొదటిది నిలబడితే బీపీ పడిపోవడం. భుజానికి పట్టీ చుట్టే బీపీ మెషీన్ కొనండి, మణికట్టుది వద్దు. అమ్మగారిని 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకు ఒకసారి చూడాలి. పక్కన పట్టుకోవడానికి మనిషి ఉండాలి. పై అంకె 20గానీ కింది అంకె 10గానీ దిగితే బీపీ మందులు ఆమెకు ఎక్కువవుతున్నట్టే. ఆసుపత్రిలో కుర్చీలో కూర్చోబెట్టి చూసి 130 అని రాసి పంపిస్తారు. నిలబడితే 100 అయ్యే సంగతి అక్కడ ఎవరికీ కనిపించదు.

రెండోది తెల్లవారుజామున షుగర్ పడిపోవడం. గ్లైకోమెట్ జీపీలో మెట్‌ఫార్మిన్‌తోపాటు గ్లిమెపిరైడ్ ఉంది. ఆ గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా షుగర్ దించుతూనే ఉంటుంది, కిడ్నీ మందగిస్తే ఒంట్లో ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. రాత్రి మాత్ర వేసుకుని రెండు ముద్దలు మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటే మూడు గంటలకల్లా షుగర్ 60కి రావచ్చు. రెండు రాత్రులు 3 గంటలకు లేపి గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే వెంటనే మందు మార్చాలి. ఈ వయసులో, ఇన్ని జబ్బులున్న మనిషికి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8 లోపు ఉంటే చాలు. ఆరున్నర చేయాలని పట్టుబట్టడం వల్ల లాభం లేదు, పడిపోయి తుంటి ఎముక విరిగే ప్రమాదం మాత్రం ఉంది. శనివారం ఉపవాసం, ఏకాదశి, కార్తీక సోమవారాలు ఉంటాయా అన్నది డాక్టరు అడగరు, మీరే చెప్పాలి. రంజాన్ ఉపవాసాలు ఉండేవాళ్లూ అంతే. ఉపవాసం రోజున గ్లిమెపిరైడ్ ఏం చేయాలో ముందే రాయించుకోవాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, వైద్యం తెలిసినవాళ్లు కూడా మర్చిపోతుంటారు. షుగర్ పడిపోతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వమంటాం. కానీ వోగ్లిబోస్ వాడే మనిషికి పంచదార తొందరగా పని చేయదు, ఎందుకంటే ఆ మందు పంచదార విడిపోవడాన్నే అడ్డుకుంటుంది. ఆమెకు గ్లూకోజు పొడే ఇవ్వాలి, మూడు చెంచాలు, అరగ్లాసు నీళ్లలో. 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఒక గ్లూకోజు ప్యాకెట్ మంచం దగ్గర, ఒకటి వంటింట్లో ఎప్పుడూ ఉండాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. గ్లిమెపిరైడ్ వల్ల పడిన షుగర్ ఒకసారి లేచాక మళ్లీ పడొచ్చు, ఆ రోజంతా మనిషిని కనిపెట్టుకుని ఉండాలి.

మూడోది చీకటి, గడప, దొడ్డిదారి, సరిగా కనిపించని కన్ను. దీనికి డాక్టరు అక్కర్లేదు. రాత్రంతా వెలిగే చిన్న బల్బు ఒకటి, మంచం పక్కన పట్టుకునే కమ్మీ ఒకటి, రాత్రిళ్లు దొడ్లోకి వెళ్లే పని లేకుండా గదిలోనే కమోడ్ కుర్చీ ఒకటి. శుక్లాల పరీక్ష ఎప్పుడు చేయించారో చూసుకోండి. చెవులు కూడా. సరిగా వినపడక తలూపే మనిషిని మతిమరుపు అనుకుని మందు రాసే సందర్భాలుంటాయి, గులిమి తీయిస్తే సరిపోయేదానికి.

ఇప్పుడు పగ్గాలు ఎవరికి? నా ఓటు జనరల్ మెడిసిన్ ఎండీకి, అదీ ఆత్మకూరులోగానీ మీకు దగ్గరి ఊళ్లోగానీ ఉన్నవారికి. పేరు గొప్పదా అని చూడకండి. మూడు చూడండి: ఫోన్ ఎత్తుతారా, ముందటి చీటీలు తీసి చదువుతారా, రాసి ఉన్న మందును కొట్టేసే ధైర్యం ఉందా. మీ షుగర్ డాక్టరే ఎండీ జనరల్ మెడిసిన్ అయి, ఈ మూడూ ఉంటే ఆయనే చాలు. మొదటిసారి వెళ్లినప్పుడు ముఖాముఖీ అడగండి: "సార్, అమ్మ మందులన్నీ చివరగా మీ దగ్గరే ఖరారవ్వాలని మా కోరిక. మిగతావాళ్లు ఏం రాసినా మీకు చూపించాకే మొదలుపెడతాం. ఒప్పుకుంటారా?" చాలామంది ఒప్పుకుంటారు. "గుండె డాక్టరు రాసింది నేను ముట్టుకోను" అంటే అదీ సబబే. అలాంటప్పుడు ఆయన్నే రెండు వాక్యాల ఉత్తరం రాసివ్వమనండి: ఫలానా మందు డబుల్ అయింది, ఫలానాది తగ్గించవచ్చా. ఆ ఉత్తరానికి వచ్చే జవాబు మీరు నోటితో అడిగితే రాదు.

ఉత్తరం ఇవ్వలేకపోతే మీరే రాయండి, ఇంతే: "సార్, 74 ఏళ్లు, మూడేళ్ల కిందటి స్టెంట్. పోయిన నెల పడిపోయారు. పడుకుంటే బీపీ ఇంత, నిలబడితే ఇంత. క్రియాటినిన్ 1.4. టెల్మిసార్టన్ రెండు చోట్ల నుంచి వచ్చి 80 అయింది. అడగదలచినవి మూడు: టెల్మిసార్టన్ ఎంత ఉండాలి, ఆమ్లోడిపిన్ కావాలా, క్లోపిడోగ్రెల్ ఆపే తేదీ ఏది." ఓపీలో మీకు దొరికేది ఐదు నిమిషాలు. బాధలన్నీ ఏకరువు పెడితే ఐదు నిమిషాలూ అక్కడే అయిపోతాయి. మూడు ప్రశ్నలు కాగితం మీద ఉంటే మూడింటికీ జవాబు వస్తుంది.

ఆ ఒక్క కాగితం. ఏ4 కాగితానికి ఒకవైపే, పెద్దక్షరాలతో. పైన పేరు, వయసు, బరువు, పడని మందులు, మీ నంబరు, తమ్ముడి నంబరు. తర్వాత జబ్బులు, ఏ సంవత్సరం నుంచి. తర్వాత మందుల పట్టీ: అసలు పేరు, మిల్లీగ్రాములు, ఏ పూట, దేనికి, ఎవరు రాశారు, ఎప్పటి నుంచి. కింద చివరి పరీక్షలు తేదీలతో: క్రియాటినిన్, సోడియం, పొటాషియం, హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ, ఎకోలో ఈఎఫ్ (గుండె పంపింగ్ శాతం). అట్టడుగున "ఆపేసినవి, ఎందుకు" అని ఒక గడి. ఆ గడి లేకపోతే ఆరు నెలల తర్వాత ఇంకొకరు అదే లెవోసల్పిరైడ్ మళ్లీ రాస్తారు. కాగితానికి తేదీ వేయండి. మార్పు జరిగిన రోజే కొత్తది రాసి పాతది చించేయండి, రెండు కాగితాలు ఇంట్లో ఉండకూడదు. ఒక ప్రతి అమ్మగారి సంచిలో, ఒకటి గోడకు, ఫొటో అందరి ఫోన్లలో.

పాత ఈసీజీ ఒకటి తప్పకుండా దాచండి. మెషీన్ నుంచి వచ్చే ఆ గళ్ల కాగితం చాలాసార్లు వేడికి అచ్చయ్యే రకం, ఏడాది రెండేళ్లలో వెలిసిపోతుంది. వచ్చిన రోజే జిరాక్సు తీయించండి. అర్ధరాత్రి ఛాతీనొప్పి అని వెళ్తే, పాతదాంతో పోల్చి చూసుకోవడానికి డ్యూటీ డాక్టరుకు అది ఎంతో పనికొస్తుంది.

నెల్లూరు ప్రయాణం. ఊరి నుంచి బస్సులో వెళ్లి రావడానికే పొద్దంతా పడుతుంది, అలసిపోయిన మనిషికి రీడింగులు కూడా తప్పుగా వస్తాయి. నెలకోసారి ఒక్కో డాక్టరు అని నాలుగుసార్లు తిప్పకుండా, మూడు నెలలకోసారి ఒకే రోజు పెట్టుకోండి. రక్తపరీక్షలు నాలుగు రోజుల ముందే, ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి. పరగడుపున రక్తం ఇచ్చే రోజు షుగర్ మాత్ర రక్తం ఇచ్చాక, టిఫిన్ వేళకే. గుండె డాక్టరు, ఇంకెవరైనా ఉంటే వాళ్లు, ముందు. పగ్గాలు చేతిలో ఉన్న డాక్టరు చివర. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, పెద్ద డాక్టరు చివరలో రాసిన కొత్త మందు ఎవరి కంటా పడకుండా ఇంటికి చేరుతుంది. మందుల షాపు కూడా ఒకటే పెట్టుకోండి. కంపెనీ మార్చి ఇస్తే స్ట్రిప్పు మీద స్కెచ్ పెన్నుతో పూట రాసివ్వమనండి, పాత స్ట్రిప్పు అక్కడే వదిలేసి రండి.

అమ్మగారికి చదువు రాదన్నారు కాబట్టి నాలుగు గడులు, ఏడు రోజుల డబ్బీ కొనండి. పొద్దున గడికి సూర్యుడు, రాత్రి గడికి చంద్రుడు గీయండి. వారానికోసారి నింపేది ఒకే మనిషి అయి ఉండాలి. నింపాక మిగిలిన స్ట్రిప్పులు తాళం పెట్టి దాచాలి, లేకపోతే డబ్బీలోదీ వేసుకుంటారు, స్ట్రిప్పులోదీ వేసుకుంటారు. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇచ్చి ఉంటే అది డబ్బీలో కలపకుండా విడిగా కొంగుకో సంచికో ఉండాలి, కూర్చున్నాకే పెట్టుకోవాలి.

విలేజ్ హెల్త్ క్లినిక్‌ను తీసిపారేయకండి. అక్కడి సీహెచ్‌వో (క్లినిక్ చూసుకునే హెల్త్ ఆఫీసరు)గానీ ఏఎన్ఎం (ఊరి నర్సు)గానీ పదిహేను రోజులకోసారి బీపీ, షుగర్ చూసి నోటు పుస్తకంలో రాస్తే మీకు అంతకంటే కావాల్సింది లేదు. కాగితం చూపించి "టెల్మిసార్టన్ బయట నుంచి వస్తోంది, మీరు ఇవ్వొద్దు" అనో, లేదా "ఇక నుంచి మీ దగ్గరే తీసుకుంటాం, బయట ఆపేస్తాం" అనో ఒకటి తేల్చుకోండి. రెండోదే మేలు, డబ్బూ మిగులుతుంది. 104 బండి వచ్చే రోజు కూడా కాగితం వెంట ఉండాలి.

ఆర్ఎంపీ గురించి. ఆయన దగ్గరికి వెళ్లొద్దని అమ్మగారితో పోట్లాడకండి. అర్ధరాత్రి పిలిస్తే తలుపు తట్టేది ఆయనే. ఆయన్ని కూర్చోబెట్టి, మర్యాదగా ఒక చిన్న చీటీ ఇవ్వండి, డాక్టరు సంతకంతో అయితే ఇంకా మంచిది. అందులో ఈ నాలుగూ ఉండాలి: డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయొద్దు, కిడ్నీ పోతుంది. డెక్సా, బెట్నెసాల్ వంటి స్టెరాయిడ్లు వద్దు, షుగర్ 400 అవుతుంది. నీరసమని సెలైన్ ఎక్కించే ముందు షుగర్, బీపీ చూసి మాకు ఫోన్ చేయాలి, గుండె బలహీనంగా ఉన్న మనిషికి బాటిల్ పెడితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. నిద్రకు ఆల్ప్రజోలామ్, జలుబుకు మగతనిచ్చే మాత్రలు ఇవ్వొద్దు, మళ్లీ పడతారు. ఇప్పటికే నిద్రమాత్ర రోజూ అలవాటైన వాళ్లయితే ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పేరు లేని కీళ్ల నొప్పుల పొడుల్లోనూ స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. నెలల తరబడి వాడి ఉంటే అదీ చెప్పకుండా ఆపొద్దు, ముందు డాక్టరుకు చెప్పండి.

తిండి, నీళ్ల మాట. కిడ్నీకి నీళ్లు బాగా తాగమని ఒకరు, గుండెకు తగ్గించమని ఒకరు చెప్తారు. అమ్మగారు చివరికి దాహమేసినా తాగరు. రోజుకు ఎన్ని చెంబులో పగ్గాలున్న డాక్టరు చేత ఒక అంకె చెప్పించండి. ఎండుచేపలు, ఊరగాయ, అప్పడాలు తగ్గాలి. ఉప్పు తక్కువని చెప్పి అమ్మే లో సోడియం ఉప్పు మాత్రం కొనకండి, అందులో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టన్, నీరసించిన కిడ్నీ ఉన్న మనిషికి అది గుండె లయనే దెబ్బతీయవచ్చు. వాంతులు, విరేచనాలు, రెండు పూటలు తిండి లేకపోవడం జరిగితే టెల్మిసార్టన్, ఫ్యూరోసెమైడ్, మెట్‌ఫార్మిన్ ఆపి ఫోన్ చేయాలా అని ముందే అడిగి కాగితంలో రాయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఆమె జీఎఫ్ఆర్‌కు రోజుకు 1000 మిల్లీగ్రాములు మించకూడదు. గ్లైకోమెట్ జీపీ 2 రెండు పూటలతో ఇప్పుడు సరిగ్గా అంతే వేసుకుంటున్నారు. జీఎఫ్ఆర్ 30 కంటే దిగితే పూర్తిగా ఆపేయాలి. అందుకే క్రియాటినిన్ మూడు నెలలకోసారి.

రేపు ఇన్సులిన్ మొదలుపెట్టినా ఆశ్చర్యం లేదు. అప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. 40 యూనిట్ల సీసాకు ఎర్రమూత సిరంజి, 100 యూనిట్ల సీసాకు నారింజరంగు మూత సిరంజి. 100 సీసా మందును ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 50 యూనిట్లు. ప్రాణం పోయే తప్పు ఇది. ఊరి షాపులో "ఏ సిరంజి అయినా ఒకటే" అంటే వినకండి.

ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, ఇంటికొచ్చాక మొదటి వారమే గండం. డిశ్చార్జి రోజు బిల్లు హడావుడిలో ఎవరూ ఏమీ అడగరు. ఆ రోజు తమ్ముడు ఇంటి కాగితం పట్టుకుని డ్యూటీ డాక్టరు పక్కన కూర్చోవాలి. పాతవాటిలో ఏవి కొనసాగాలి, ఏవి ఆగాయి, ఏవి కొత్తవి, కొత్తవి ఎన్ని రోజులు. ఇంకా రావాల్సిన రిపోర్టులేమైనా ఉన్నాయా. ఈ మాటలకు జవాబులు డిశ్చార్జి కాగితం మీదే రాయించుకోవాలి. వారం పది రోజుల్లో పగ్గాలున్న డాక్టరుకు చూపించాలి. ఆసుపత్రిలో రాత్రిళ్లు మనుషులను గుర్తుపట్టకుండా మాట్లాడితే పిచ్చి అనుకోకండి, పెద్దవాళ్లకు జ్వరం, సోడియం తగ్గడం, మూత్రం ఆగిపోవడం వల్ల అలా వస్తుంది. కళ్లద్దాలు, కట్టుడు పళ్లు, తెలిసిన మనిషి దగ్గరుంటే సగం సర్దుకుంటుంది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, ఆధార్ జిరాక్సులు అదే సంచిలో పెట్టండి. 70 దాటినవాళ్లకు కేంద్రం 2024 అక్టోబరు 29న మొదలుపెట్టిన వయో వందన కార్డు కూడా ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వర్తించేది, అదీ చేయించి ఉంచండి. ఇవి ఆసుపత్రిలో చేరితే వచ్చే ఖర్చుకే, నెలనెలా మాత్రలకు కాదు.

ఇంత చేసే ముందు అమ్మగారిని ఒక మాట అడిగారా? ఆమెకు దేనివల్ల ఎక్కువ బాధ, దేన్ని వదులుకోలేరు? మోకాళ్లు సహకరించి గుడిదాకా నడవగలిగితే చాలు అనే మనిషికి షుగర్ అంకె మీద యుద్ధం చేస్తుంటాం. ఆ జవాబును కాగితంలో మొదటి వరుసలో రాయండి. రెండు మందుల మధ్య తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు డాక్టరుకు అదే దారి చూపిస్తుంది.

నా అంచనాలో 14లో ఐదు పోతాయి: ఒక టెల్మిసార్టన్, విడి అటార్వాస్టాటిన్, రాబెప్రజోల్ లెవోసల్పిరైడ్, నొప్పి మాత్ర, వాపు ఆమ్లోడిపిన్‌దే అని తేలితే ఫ్యూరోసెమైడ్. అన్నీ ఒకే రోజు మార్చొద్దు. రెండు వారాలకు ఒక మార్పు, ఆ రెండు వారాలూ నిలబడి చూసిన బీపీ రాసుకుంటూ. లేకపోతే మేలు జరిగినా కీడు జరిగినా దేనివల్లో తెలియదు.

చివరగా, ఆగకుండా కదలాల్సిన సమయం ఒకటుంది. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా పక్షవాతం అనుకుని 108కి ఫోన్ చేయాలి. ముందు షుగర్ చూడండి, షుగర్ పడిపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. షుగర్ బాగుంటే ఆస్పిరిన్ వేయకండి, పసరు వైద్యానికి తీసుకెళ్లకండి, నోట్లో ఏమీ పోయకండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు. ఆ గడువు లెక్క మనిషి చివరిసారి బాగున్నట్టు చూసిన నిమిషం నుంచి మొదలవుతుంది, ఆ సమయం గడియారం చూసి రాసుకోండి. మీ ఊరి నుంచి నెల్లూరు రోడ్డుకే అందులో సగం పోతుంది. సీటీ స్కాన్, ఆ ఇంజెక్షన్ రెండూ 24 గంటలూ ఉన్న ఆసుపత్రి ఏదో తమ్ముడు ఈ వారమే కనుక్కుని, ఆ నంబరు కాగితం వెనక రాసిపెట్టాలి. 108 వచ్చాక వాళ్ల చేతికి ఆ కాగితం, మందుల సంచి ఇవ్వండి.